పెళ్లికొచ్చిన క్లబ్బు పాట

పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం పూట బళ్లారి సత్యనారాయణపేట వైపు వెళితే ఎక్కడో ఒకచోట బండి ఆపుకోక తప్పదు. ముందు లైట్లు మోసేవాళ్లు, వాళ్ల మధ్య జరీ అంచు కోట్లు తొడుక్కున్న బ్యాండుమేళం, వెనక పూలు చుట్టిన కారు. మర్యాదకు మొదట వినాయకుడి పాట ఒకటి, అమ్మవారి పాట ఒకటి అవుతాయి. ఆ తర్వాత క్లారినెట్టు మాస్టారు డ్రమ్ముల వైపు ఓ చూపు విసురుతాడు. దరువు మారుతుంది. అంతదాకా పెద్దరికంగా నడుస్తున్న పెళ్లికొడుకు మేనమామ భుజం మీది తువ్వాలు తీసి నడుముకు బిగిస్తాడు.

మేళం అందుకున్న ఆ పాట పుట్టిన చోటు వేరు. 1970ల నాటి ఏదో సినిమాలో, రంగు బల్బులు వెలిగి ఆరుతున్న విలన్ డెన్‌లో, గ్లాసులు పట్టుకున్న రౌడీల మధ్య ఒక నర్తకి ఆడిన పాట అది. ఇప్పుడు హారతి పళ్లెం పక్కన, పట్టుచీరల ముందు నడుస్తోంది. ముత్తయిదువులు కూడా చప్పట్లు కొడుతున్నారు.

ఈ తరహా సంగీతాన్ని ప్రపంచం లౌంజ్ అంది, ఈజీ లిజనింగ్ అంది, కాక్‌టెయిల్ సంగీతం అంది. తెలుగువాళ్లకు అది క్లబ్బు పాట. క్లబ్బు గడప తొక్కనివాళ్లు పెట్టుకున్న పేరు కాబట్టి అందులో కొంచెం భయం, బోలెడంత కుతూహలం కలిసి ఉంటాయి.

అసలు లౌంజ్ సంగీతం హోటల్ హాళ్లలో పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో మధ్యతరగతి ఇళ్లలోకి మంచి రికార్డు ప్లేయర్లు వచ్చాయి. సాయంత్రం నలుగురు స్నేహితులు కూడితే వెనక నుంచి వినపడుతూ, మాటలకు అడ్డం రాని పాట కావలసి వచ్చింది. మార్టిన్ డెన్నీ అనే పియానిస్టు హొనొలులులో ఒక హోటల్లో వాయిస్తుండేవాడు. పక్కనే చిన్న కొలను. బృందం వాయించడం మొదలుపెట్టగానే కొలనులో కప్పలు బెకబెకమనేవి, ఆపితే అవీ ఆగేవి. సరదాకు బృందంలో వాళ్లు పిట్టల కూతలు కూయడం మొదలుపెట్టారు. మర్నాడు శ్రోతలు వచ్చి ఆ పిట్టల పాటే కావాలన్నారు. 1957లో వచ్చిన ఆయన రికార్డు పేరు 'ఎగ్జాటికా'. ఆ తరహా సంగీతానికంతటికీ అదే పేరు నిలిచిపోయింది. మెక్సికో నుంచి వచ్చిన ఎస్కివెల్, జర్మనీలో జేమ్స్ లాస్ట్, బాకా బృందంతో హెర్బ్ ఆల్పర్ట్ తలా ఒక దారిలో ఇదే పని చేశారు. 1965లో జేమ్స్ లాస్ట్ ఒక ఉపాయం పన్నాడు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా అతికించి, వెనకాల జనం కేరింతలు కూడా కలిపి రికార్డు వేశాడు. దాన్ని పెట్టుకుంటే ఒంటరివాడి గది కూడా పార్టీ హాలైపోతుంది.

దక్షిణాదికి మాత్రం ఈ సంగీతం హోటల్ తలుపు తీసుకుని రాలేదు. పటాలం బ్యాండు ముందే బాట వేసిపెట్టింది. ముత్తుస్వామి దీక్షితులు అంతటివాడు కంపెనీ సైన్యపు బ్యాండు వాయించే వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం అల్లాడు. శంకరాభరణ స్వరాల్లో నడిచే ఆ నోట్టుస్వరాలను సంగీతం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ పాడుతున్నారు. వాటిలో ఒకటి సాక్షాత్తూ బ్రిటిష్ రాజుగారి గీతం వరుసలోనే ఉంటుంది. అంటే పరాయి బ్యాండు ట్యూనుకు బొట్టుపెట్టి ఇంట్లోకి తెచ్చుకోవడం మనకు కనీసం 200 ఏళ్ల అలవాటు. బళ్లారి కూడా ఒకనాటి కంటోన్మెంటు ఊరే. క్లారినెట్టు, ట్రంపెట్టు, యూఫోనియం లాంటి సైనిక వాద్యాలు ఊరి పెళ్లిళ్లకు చేరడానికి ఇలాంటి ఊళ్లలో పెద్ద దూరం లేదు.

పాట విషయంలో బళ్లారి మొదటినుంచీ చొరవ గలదే. ఇక్కడి ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టి, తెలుగు నాటకానికి పాటల రుచి చూపించాడు. బళ్లారి రాఘవ నటుడిగా ఎదిగిన నేల ఇది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. చిత్రంగా అదే ఏడాది ఎక్కడో క్యూబాలో ఎన్రికే హోరిన్ అనే వయొలిన్ విద్వాంసుడి కొత్త వరుస రికార్డుకెక్కింది. దాని పేరు చా-చా-చా. బళ్లారి ఎటు పోవాలన్న తగువులో మునిగినవాళ్లెవరూ ఆ సంగతి గమనించి ఉండరు. పదేళ్లు తిరిగేసరికి మాత్రం మద్రాసులో తయారైన తెలుగు, కన్నడ సినిమాలు రెండింట్లోనూ ఆ దరువు వినపడసాగింది.

సినిమాలో ఈ సంగీతం రెండు గుమ్మాల గుండా వచ్చింది. పెద్దమనిషి తరహాది పియానో పాట. విశాలమైన బంగళా హాలు, మలుపు తిరిగిన మెట్లు, సోఫాల్లో అతిథులు, కథానాయిక పుట్టినరోజు. కథానాయకుడు పియానో ముందు కూర్చుని లోపలి బాధను పాటలో దాచి పాడతాడు. ఆ వేళ్లు ఒకవైపు, వినపడే స్వరాలు మరోవైపు పోతున్నా ప్రేక్షకుడు ఏనాడూ పట్టించుకోలేదు. ఇలాంటి పాటలకు సాలూరి రాజేశ్వరరావు పెట్టింది పేరు. కర్ణాటక రాగపు మెత్తదనాన్ని వాల్ట్జ్ ఊపులో కూర్చోబెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మూడు మూడుగా నడిచే వాల్ట్జ్ లెక్క మన తిస్రగతికి చుట్టమే కాబట్టి వినేవాళ్లకు పరాయిదనం తోచలేదు.

రెండో గుమ్మం డెన్‌ది. 1966లో కృష్ణ హీరోగా 'గూఢచారి 116' వచ్చింది. తెలుగులో గూఢచారి సినిమాలకు అదే నాంది. సంగీతం టి. చలపతిరావు. గూఢచారి ఉన్నాక శత్రువు ఉండాలి, శత్రువుకో స్థావరం ఉండాలి, స్థావరంలో ఏదో ఒక వేళకు పాట ఉండాలి. కన్నడంలో 1968లో రాజ్‌కుమార్ 'జేడర బలె', 'గోవాదల్లి సి.ఐ.డి. 999' వరుసగా వచ్చాయి. వాటికి సంగీతం జి.కె. వెంకటేశ్. తర్వాతి కాలంలో ఇళయరాజా ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేశాడు. బళ్లారి ప్రేక్షకుడికి ఇద్దరు బాండ్లూ ఇంటివాళ్లే. ఒకవారం కృష్ణ, మరో వారం రాజ్‌కుమార్. ట్రంపెట్లు, బాంగోలు, ఎలక్ట్రిక్ గిటారు మాత్రం రెండుచోట్లా ఒక్క తీరునే మోగేవి.

ఆ డెన్‌కు గొంతు ఎల్.ఆర్. ఈశ్వరిది. ఆమె తల్లి మద్రాసు స్టూడియోల్లో కోరస్ పాడేది. కూతురూ అక్కడే మొదలైంది. ఆమెకు తొలి గొప్ప పేరు తెచ్చింది 1961 నాటి తమిళ చిత్రం 'పాశమలర్'లోని పెళ్లి పాట. తమిళుల పెళ్లిళ్లలో దాన్ని ఇంకా వేస్తూనే ఉంటారు. పెళ్లి పాటతో వెలుగులోకి వచ్చిన గాయనిని సినిమా తీసుకెళ్లి డెన్‌లో నిలబెట్టింది. పెళ్లి ఊరేగింపు ఆమె డెన్ పాటలను మళ్లీ పెళ్లికి తీసుకొచ్చింది. అంతటితో ఆగలేదు. తమిళనాట ఆడి మాసంలో అమ్మవారి గుళ్ల మైకుల్లో మోగేదీ ఆమె గొంతే.

ఆ గొంతులో ఏముంది? పాట మధ్యలో ఒక నవ్వు, ఒక ఊపిరి, ఒక ఎక్కిళ్ల లాంటి విరుపు, మాట చివర చిన్న కొసరు. స్టేజీ నాటకాల నాడు చివరి వరసకు వినపడాలంటే గొంతు చించుకోవాలి. మైక్రోఫోను వచ్చాక గుసగుస కూడా పాటైంది. అమెరికాలో మెత్తగా పాడే గాయకులు 1920ల నుంచే ఈ సౌకర్యాన్ని వాడుకున్నారు. ఈశ్వరి దాన్ని అల్లరికి వాడుకుంది. హొనొలులులో కొలను కప్పలు చేసిన పనిని ఇక్కడ ఆమె చిలిపి కూతలు చేశాయంటే ఆమె కోప్పడదనే అనుకోవాలి.

క్లబ్బు పాటలు కట్టినవాళ్ల పేర్లు చూస్తే ఇది చేతకానివాళ్ల సరుకు కాదని తెలుస్తుంది. 1971లో 'ప్రేమ్ నగర్'లో జ్యోతిలక్ష్మి ఆడిన పాటకు బాణీ కట్టింది కె.వి. మహదేవన్, 1980లో 'శంకరాభరణం' ఇచ్చినాయనే. 1973 'దేవుడు చేసిన మనుషులు'లో ఈశ్వరి చేత చీకటి పాట పాడించింది రమేశ్ నాయుడు. తర్వాత 'మేఘసందేశం' సంగీతానికి జాతీయ పురస్కారం అందుకున్నది కూడా ఆయనే. ఒకే చెయ్యి అష్టపదినీ పట్టుకుంది, మరాకాస్ గిలకలనూ పట్టుకుంది. విమర్శకులు మాత్రం వాళ్ల గురించి రాసేటప్పుడు మొదటిదే రాసి రెండోది మింగేస్తారు.

సంతోషం వెనక ఒక చేదు ఉందన్నదీ దాచకూడదు. జ్యోతిలక్ష్మి, విజయలలిత, హలం, జయమాలిని, ఆ తర్వాత సిల్క్ స్మిత. వీళ్లు లేకపోతే పోస్టరుకు జనం రారు. కథలో మాత్రం ఆ డ్యాన్సరుకు పెళ్లి ఉండదు, తరచూ ప్రాణమూ ఉండదు. హీరోకు రహస్యం చెప్పి ఆమె తూటాకు బలైపోవాల్సిందే. పాటను ఊరేగించి, పాడినామెను పొగిడి, ఆడినామెను మాత్రం ఊరి బయట ఉంచిన సంగతి ఆ కాలపు సినిమాలు మళ్లీ చూస్తుంటే గుచ్చుకుంటుంది.

మరి ఆ పాట వింటే కాళ్లు ఎందుకు ఆగవు? మొదటి సంగతి వేగం. చా-చా-చా నిమిషానికి దాదాపు 120 దెబ్బల మీద నడుస్తుంది. హుషారుగా నడిచే మనిషి అడుగుల వేగమూ ఇంచుమించు అంతే. అందుకే ఊరేగింపులో అది అంత బాగా ఇముడుతుంది. ఆడాలనుకున్నవాడు ఆడవచ్చు, మోకాళ్ల నొప్పులవాడు తల ఊపుతూ నడిచిపోవచ్చు. రెండోది దెబ్బ పడే చోటు. ఒకటీ, రెండూ, మూడూ అంటూ తిన్నగా పోకుండా చివర్లో మూడు చిన్న అడుగులు గబుక్కున పడతాయి. చెవి ఒకచోట ఎదురుచూస్తుంటే దెబ్బ కాస్త ముందో వెనకో పడుతుంది. ఆ ఖాళీని ఒళ్లు తానే కదిలి నింపుకుంటుంది.

ఇది ఊహ కాదు. మరియా విటెక్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 50 డ్రమ్ము దరువులను శ్రోతలకు వినిపించి, ఏది వింటే కదలాలనిపించిందో, ఏది హాయిగా ఉందో అడిగారు. 2014లో వచ్చిన వాళ్ల పత్రం తేల్చింది ఏమంటే, మరీ తిన్నటి దరువుకూ జనం కదల్లేదు, మరీ మెలికలు తిరిగినదానికీ కదల్లేదు. ఎదురుచూసిన చోట పడని దెబ్బలు మధ్యస్థంగా ఉన్న దరువుకే ఎక్కువ కదిలారు. పల్లె డప్పు కొట్టేవాళ్లకు ఈ మాట చెబితే, దీనికి పరిశోధన ఎందుకని నవ్వుతారేమో.

మూడోది వాద్యాల పొందిక. బేస్ గిటారు అడుగున మెత్తగా నడుస్తుంది. డ్రమ్ము మీద కర్రలకు బదులు తీగల కుంచె రాపాడిస్తారు. ఎకార్డియన్ గాలి పీల్చి వదులుతుంది. పైన ట్రంపెట్టు నాలుగు స్వరాలు పలికి తప్పుకుంటుంది. ఎవరూ ఎవరినీ తొక్కరు. వినేవాడికి అర్థం చేసుకోవాలన్న బరువు ఉండదు, కన్నీళ్లు పెట్టుకోవాలన్న బాధ్యత ఉండదు. చాలా పాటలు మనసు దగ్గరకు వెళ్లి తర్వాత ఒంటిదాకా వస్తాయి. ఇది ముందు మోకాలి దగ్గరకే వెళుతుంది.

మన సినిమా పాటతో సంబంధం లేకుండా నేరుగా దిగిన రికార్డు కూడా ఒకటుంది. 1961లో వచ్చిన 'కమ్ సెప్టెంబర్' అనే హాలీవుడ్ సినిమా వాద్య సంగీతం. కట్టింది బాబీ డారిన్, ఇల్లిల్లూ చేరింది బిల్లీ వాన్ బృందం వాయించిన రికార్డుతో. మాటల్లేని ఆ ట్యూను మన దేశంలో సినిమా హాళ్లలో ఆట మొదలవడానికి ముందు మోగింది, స్కూలు వార్షికోత్సవాల్లో మోగింది, చివరికి బ్యాండుమేళాల పుస్తకంలోకి ఎక్కింది. 1995లో 'రాజా' అనే హిందీ సినిమా దాన్ని పెళ్లి సందడి పాటగా మార్చింది. సినిమా చూడనివాళ్లు, పేరు తెలియనివాళ్లు కూడా నాలుగు స్వరాలు వినగానే గుర్తుపట్టేస్తారు. తెర లేవబోతోందన్న ఆత్రం ఆ ట్యూనుకు అంటుకుని ఉండిపోయింది.

బళ్లారికి మాత్రమే చెల్లే సరదా ఇంకోటి ఉంది. మైసూరు అన్నదమ్ములు రాజన్-నాగేంద్ర కన్నడంలో 1974లో 'ఎరడు కనసు'కు పాటలు చేశారు. మరుసటి ఏడాది అవే బాణీలు తెలుగు 'పూజ'లో వచ్చాయి. ఒకచోట పి.బి. శ్రీనివాస్, వాణీ జయరాం పాడిన యుగళగీతం ఇంకోచోట బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం నోట తెలుగైంది. గుంటూరులో వాళ్లకు తెలుగు పాటే తెలుసు, మైసూరులో వాళ్లకు కన్నడ పాటే తెలుసు. సత్యనారాయణపేట లాంటి చోట్ల పల్లవి ఒక భాషలో అందుకుని చరణం ఇంకో భాషలో ముగించేవాళ్లకు కొదవ లేదు. బ్యాండుమేళానికైతే ఆ చిక్కు అసలే లేదు. క్లారినెట్టుకు భాష ఉండదు కాబట్టి పెళ్లికూతురువైపు వాళ్లు కన్నడం, పెళ్లికొడుకువైపు వాళ్లు తెలుగు పాడుకుంటూ ఒకే పాటకు నడుస్తారు. రాజన్-నాగేంద్ర బాణీలు క్లబ్బువి కావు. సాయంత్రం అరుగు మీద కూర్చుని వినేవి. ఈజీ లిజనింగ్ అన్న మాటకు తెలుగులోనూ కన్నడంలోనూ ఉదాహరణ చెప్పమంటే మొదట వీళ్లనే చెప్పాలి.

వినాయక చవితి పందిళ్ల దగ్గర ఆర్కెస్ట్రాలు క్లబ్బు పాటలకు రెండో ప్రాణం పోశాయి. ఒక గాయకుడు, ఆడ గొంతుతోనూ పాడగల మరో ఘటికుడు, కీబోర్డు, ప్యాడు, డోలక్. జనంలోంచి చీటీలు వస్తాయి. తొమ్మిది దాటేదాకా భక్తి పాటలు, మెలోడీలు. పిల్లలు నిద్రలకు తూలాక వెనక వరసల నుంచి వచ్చే చీటీల రకం మారుతుంది. ఆ వేళకు ఈశ్వరి పాట ఎత్తుకోని ఆర్కెస్ట్రాకు వన్స్‌మోర్ దక్కదు.

1980ల్లో డిస్కో వచ్చింది, సింథసైజరు వచ్చింది. పది మంది వాయించేది ఒక్క పెట్టె వాయించసాగింది. డెన్ కూడా మారిపోయి తళతళల ఫ్లోరైంది. తర్వాత ఐటెం సాంగ్ వచ్చి క్లబ్బు పాట కుర్చీలో కూర్చుంది. వేగం పెరిగింది, శబ్దం పెరిగింది. ఆ మెత్తటి కుంచె రాపిడి మాత్రం ఎటో పోయింది.

పాతదాని మీద మళ్లీ మోజు పుట్టింది బయట దేశాల్లోనే ముందు. 1996లో క్యాపిటల్ కంపెనీ 'అల్ట్రా లౌంజ్' పేరుతో పాత రికార్డులను దుమ్ము దులిపి వరుసగా మళ్లీ వేసింది. తాతల కాలపు సోఫా సంగీతం మనవల గదుల్లోకి చేరింది. 2001లో 'ఘోస్ట్ వరల్డ్' అనే అమెరికన్ సినిమా మొదలవడమే 1965 నాటి 'గుమ్‌నామ్' క్లబ్బు పాటతో మొదలైంది. శంకర్-జైకిషన్ బాణీ, రఫీ గొంతు, కళ్లకు ముసుగులు తొడుక్కున్న నర్తకులు. టీవీలో అది చూస్తూ ఒక అమెరికన్ పిల్ల తన గదిలో పిచ్చిగా ఆడుతుంది. పదేళ్లకు ఒక బీరు కంపెనీ ప్రకటనలో అదే పాట లోకమంతా మోగింది. బయట దేశాల నుంచి మనం తెచ్చుకున్న సరుకు, మన మసాలా దట్టించాక, తిరిగి వాళ్ల ఊరికే ఎగుమతైంది.

ఇక్కడ 2017లో సరిగమ కంపెనీ 'కారవాన్' పేరుతో పాత ట్రాన్సిస్టరు ఆకారంలో ఓ పెట్టె తెచ్చింది, లోపల 5,000 పాటలు నింపి. తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. ఫోనులో వెతకడం తెలియని అమ్మానాన్నలకు పిల్లలు కొనిచ్చే బహుమతి అయింది. 2018లో 'మహానటి' కోసం మిక్కీ జె. మేయర్ పాత పాటల కాలపు వాద్యాల వాసన మళ్లీ పట్టుకొచ్చాడు. అంతకు ముందే, 2011లో, తమన్ తమిళ 'ఒస్తి'లో ఎల్.ఆర్. ఈశ్వరిని పిలిచి పాడించాడు. ఆమెకు అప్పటికి 70 దాటాయి. ఆ పాట విన్న కుర్రాళ్లు ఎవరీ కొత్త గొంతు అని అడిగారంటే తప్పు వాళ్లది కాదు. ఆ గొంతు ముసలిదవడం మరిచిపోయింది.

సత్యనారాయణపేటలో ఇప్పుడు ఊరేగింపుల్లో డి.జె. పెట్టెలూ ఉంటాయి. ఇంటి కిటికీలు అదిరేలా మోగుతాయి. బ్యాండుకూ డి.జె.కూ రెంటికీ డబ్బు పెట్టగలవాళ్లు రెండూ పెడతారు. ఒకటి ముందు, ఒకటి వెనక. డి.జె. మోగుతున్నప్పుడు కుర్రాళ్లు ఆడతారు, మిగతావాళ్లు చెవులు మూసుకుంటారు. బ్యాండు అందుకున్నప్పుడు పెద్దవాళ్లూ దిగుతారు. మేనమామ వేసే స్టెప్పులో సగం ట్విస్టు, సగం డప్పు దరువు. కాళ్లు క్యూబావి, చేతులు బళ్లారివి. పక్కనే ఓ కుర్రాడు ఫోను ఎత్తి ఆ ట్యూనును వినిపించి, అది ఏ పాటో వెతుకుతాడు. క్లారినెట్టుతో ఫోను తికమకపడి ఏదేదో చూపిస్తుంది. చివరికి ఎవరో పెద్దావిడ సినిమా పేరు చెబుతుంది. వాడు యూట్యూబులో ఆ పాట తెరిచి, రంగు బల్బుల కింద గ్లాసులు పట్టుకున్న రౌడీలను చూసి, ఒకసారి తెరవైపూ ఒకసారి హారతి పళ్లెం పట్టుకున్న నాయనమ్మవైపూ చూస్తాడు. నాయనమ్మ పెదవులు పాట చివరిదాకా కదులుతూనే ఉంటాయి, ఒక్క మాట కూడా తప్పకుండా.